తలుపు సందుల్లో దూది

మా ఇంట్లో గాలికి ప్రవేశం లేదు. మూఢనమ్మకం కాదు, మా పని అలాంటిది. దూది ఏకే గదిలో కిటికీ తెరిస్తే, అప్పటిదాకా ఏకినదంతా లేచి వీధిలో పోయేవాళ్ల నెత్తిన కూర్చుంటుంది. ఫ్యాను వేస్తే అరపూట పని అరనిమిషంలో గోడలకు అతుక్కుంటుంది. అందుకే నరసరావుపేటలో ఈ ఇల్లు కట్టినప్పుడు మా నాన్న ఆ గదికి ఒకే ఒక్క కిటికీ పెట్టించి, దానికీ లోపలి నుంచి గట్టి గడియ బిగించాడు. రోహిణీ కార్తెలో కూడా అది తెరుచుకున్న గుర్తు నాకు లేదు. లోపల మెషిన్ తిరుగుతుంటుంది, మెషిన్ పక్కన మా అన్న ఉంటాడు. ముందు వసారాలో నేను దబ్బనం పట్టుకుని పరుపులు కుడుతుంటాను. దూది ఆయనది, కుట్టు నాది. నాన్న పోయాక మేం విడిపోలేదు. పరుపును రెండు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు కదా.

అన్నకు అరవై దాటాయి. వదిన పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు. నా కూతురే ఆయనకూ కూతురు. నడక నేర్చిన రోజుల్లో అది దూది కుప్పలో దూకి కనపడకుండా పోతే, చేత్తో తవ్వి తీసి, వెంట్రుకల్లోంచి నూగు ఏరుతూ కూర్చునేవాడు. పెళ్లై ఈపూరు వెళ్లాక కూడా అది ఫోన్ చేస్తే ముందు అడిగేది పెదనాన్ననే. నన్ను అడిగేది ఆయన ఫోన్ ఎత్తకపోతేనే.

దూది పనివాళ్లకు దగ్గు కొత్త కాదు. సాయంత్రం పని దిగాక ఒక బెల్లం ముక్క నమిలితే గొంతులో నూగు దిగిపోతుందని నాన్న చెప్పేవాడు, వాళ్ల నాన్న ఆయనకు చెప్పాడట. కిందటి ఏడు అన్నకు దగ్గు పెరిగింది. మేం బెల్లం పెంచాం. దగ్గు ఇంకా పెరిగింది. బెల్లం మంచిది కాదేమోనని కొట్టు మార్చాం. మా తెలివి అంతవరకే పనిచేసింది. చొక్కా వదులైతే వయసన్నాం, సాయంత్రం ఒళ్లు వెచ్చబడితే ఎండన్నాం. చివరికి ఒకరోజు మా ఆవిడ ఆ గది ఊడవడానికి వెళ్లి, గుప్పెడు దూది పట్టుకుని వసారాలోకి వచ్చింది. తెల్లటి దూది మధ్యలో ఎర్రటి మరక.

"ఇది మెషిన్‌లో వేలు పడిన రక్తం కాదయ్యా. మీ అన్న వేళ్లు నేను చూసే వచ్చా" అంది.

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. తెమడ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు, మళ్లీ తెమడ అడిగారు. మూడో రోజు టీబీ విభాగంలో పనిచేసే ఆమె స్కూటీ మీద మా ఇంటికే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, మాట కాస్త కరుకు, ముఖాన మాస్కు. వసారాలో నేను వేసిన కుర్చీని కూడా బయటికి లాక్కుని వాకిట్లో కూర్చుంది. అప్పుడు నాకది పొగరనిపించింది.

"టీబీ అన్నా. కానీ మామూలుది కాదు. మామూలు మందులకు లొంగని రకం. వేరే మందులు వాడాల. చానా జాగ్రత్తగా ఉండాల."

మాటకు లొంగని అన్నకు మందుకు లొంగని జబ్బు రావడంలో వింత లేదనిపించింది కానీ, ఆ సంగతి పైకి అనే ధైర్యం లేక ఊరుకున్నాను.

"ఇంతకుముందెప్పుడన్నా టీబీ మాత్రలు వాడారా, పెద్దాయనా?" అని అన్నను అడిగింది.

అన్న గోడ వైపు చూశాడు. ఆయన అలా చూశాడంటే ఏదో ఉందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"రెండేళ్ల కిందట" అన్నాడు. "రెండున్నర నెలలు మింగా. ఒంటేలు నారింజ రంగులో వస్తుంటే బయమేసింది. ఒళ్లు కూడా బాగయింది. మానేశా."

"మాకు చెప్పలేదేందన్నా?" అన్నాను.

"చెప్తే? మనం ఏకిన పరుపు మీద పడుకునేవాడికి ఈ సంగతి తెలిస్తే నిద్ర పడుతుందంట్రా? కొట్టు ఏమైపోయిద్ది?"

పరుపుకీ పరువుకీ ఒక్క అక్షరమే తేడా అని నేను ఎన్నోసార్లు జోకు వేశాను. ఆ ఒక్క అక్షరం కోసం మా అన్న రెండేళ్లు నోరు మూసుకున్నాడు. మందు మధ్యలో ఆపితే చావకుండా మిగిలిన పురుగు మొండిదవుతుందని ఆమె చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. కానీ "దగ్గితే గాలిలోకి వస్తుంది, గాలిలోంచే ఇంకొకళ్లకు అంటుకుంటుంది" అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. అటు తర్వాత చెప్పినదేదీ నాకు ఎక్కలేదు.

ఎందుకంటే, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నా కూతురు. దానికి ఎనిమిదో నెల. తొలిచూలు. తొమ్మిది పడగానే పురిటికి పేటకు తీసుకొస్తామని వియ్యాలవారితో అనుకున్నాం. ఇంకో మూడు వారాలు. రావాల్సింది ఈ ఇంటికే, పుట్టబోయే బిడ్డ పడుకోవాల్సింది ఈ గాలిలోనే.

ఆమె వెళ్లిపోయాక నేను నా తెలివంతా ఉపయోగించాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరించేది అదే. గాలిలోంచి వస్తుందా? అయితే గాలిని ఆపాలి. గాలిని ఆపడం మా వంశానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అన్న మంచాన్ని దూది గదిలోకి మార్చాను, ఎలాగూ మెషిన్ ఆపేశాం కాబట్టి. ఆ గది కిటికీ గడియ సరిచూశాను. కిటికీ రెక్కల సందుల్లో, తలుపు మీది వెలితిలో, గొళ్లెం కన్నంలో, కింద గడప దగ్గర దూది కూరాను. దూదికి మా ఇంట్లో కొదవా! పరుపు మూల కుట్టేటప్పుడు ఎంత గట్టిగా దట్టిస్తానో అంత గట్టిగా దట్టించాను. పని అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను కూడా, బాగా కుదిరిందా అని.

లోపల నుంచి అన్న అడిగాడు: "ఒరేయ్, నన్ను పరుపు చేస్తన్నావా ఏంది?"

"జాగ్రత్తన్నా. ఆమె చెప్పిందిగా."

ఆమె అది చెప్పలేదు. చెప్పిందని నేను నిజంగా నమ్మాను.

కంచం, గ్లాసు వేరు చేశాం. మా ఆవిడ ఆ కంచం అంచుకు, అమ్మాయి వదిలేసి వెళ్లిన గోళ్ల రంగుతో చుక్క పెట్టింది. అది చూసి అన్న, "కంచానికి బొట్టు కూడా పెట్టావా అమ్మాయ్? నాకేమన్నా మళ్లీ పెళ్లి చేస్తన్నారా?" అన్నాడు. మా ఆవిడ నవ్వి, వంటింట్లోకి వచ్చి ఏడ్చింది. ఆయన తిన్న కంచాన్ని మరిగే నీళ్లలో రెండుసార్లు ముంచేది. నేను ఆయన తువ్వాలును కర్రతో ఎత్తేవాణ్ని. తలుపు తీసి అన్నం లోపల పెట్టడానికి మాత్రం ముక్కుకు ఏదీ కట్టుకోకుండా వెళ్లేవాణ్ని. ఆ మూసిన గదిలో, ఆయన రోజంతా దగ్గిన గాలిలో నిలబడి, "కంచం దూరంగా పెట్టన్నా" అని బుద్ధి చెప్పి వచ్చేవాణ్ని.

రోజూ పొద్దున్నే దూది తూచే కాటా మీద నిలబడి నా బరువు చూసుకునేవాణ్ని. నాకు షుగరుంది. షుగరున్నవాళ్లకు ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుందని ఎవరో అన్నారు. ఒకరోజు అరకిలో తగ్గాను. మర్నాడు ముప్పావు కిలో పెరిగాను. అప్పుడు కాటా మీద అనుమానం వచ్చింది. ఇన్నేళ్లుగా జనానికి ఎంతెంత దూది తక్కువ తూచామో అని ఇంకో భయం పట్టుకుంది. చిన్న దగ్గు వస్తే ఆపుకునేవాణ్ని. ఆపుకుంటే ఇంకా వచ్చేది. మా ఆవిడా నేనూ ఒకరి దగ్గును ఒకరు వింటూ, విననట్టు నటిస్తూ గడిపాం.

ఇంతలో ఒక పని చేశాను. దాని గురించి రాయాలా వద్దా అని చాలాసేపు కలం పక్కన పెట్టాను. జబ్బు సంగతి తెలియకముందే, పుట్టబోయే బిడ్డ కోసం అన్న ఒక చిన్న పరుపు తయారు చేయించాడు. దానికి మామూలు పత్తి వద్దని బూరుగు దూది తెప్పించి, మెషిన్‌లో వేయకుండా, అటక మీద పడి ఉన్న నాన్న విల్లు దింపి ఆ పాత విల్లుతోనే ఏకాడు. రెండు రోజులు పట్టింది. మూరన్నర పొడవు, నేనే కుట్టాను. బీరువాలో పెట్టాం. దాన్ని ఇప్పుడు తీసి, పెరట్లో కిరసనాయిలు పోసి తగలబెట్టాను. ఆయన చేతులు పడిన దూది, ఆయన దగ్గు పడిన దూది. బిడ్డ ముక్కు కింద ఉండాల్సిన దూది.

బూరుగు దూది ఇట్టే కాలిపోతుంది. మంట లేచి చల్లారేలోపే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఏందిరా కాలుతుంది?"

నేను దట్టించిన దూదిని దాటుకుని వాసన లోపలికి ఎట్లా వెళ్లిందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ తలుపు ఎంత పనికిమాలిందో అర్థమయ్యేది.

"చెత్తన్నా" అన్నాను.

పత్తికీ బూరుగుకీ కాలే వాసనలో తేడా తెలియని మనిషి కాదు ఆయన. చిన్నప్పుడు కళ్లు మూసి, వాసన చూపించి మాకు పరీక్ష పెట్టేవాడు.

"మంచిదిలే" అన్నాడు.

వారం తర్వాత ఆ టీబీ ఆమె మళ్లీ వచ్చింది. మాత్రలు సరిగా వేసుకుంటున్నాడో లేదో చూడటానికి. అన్న గది ఎక్కడని అడిగితే, నేను కొంచెం గర్వంగానే చూపించాను. ఆమె తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. గొళ్లెం కన్నంలోంచి దూది లాగింది. సందులోంచి ఇంకాస్త లాగింది. వస్తూనే ఉంది.

"ఏందన్నా ఇది?"

"గాలి బయటికి రాకుండా."

ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కోపం కాదు. రోడ్డు మీద పిల్లవాడు లారీకి అడ్డంగా పోతుంటే చూసే చూపు.

"కిటికీలు తెరవమని చెప్పానా లేదా? ఎండ పడాల, గాలి ఆడాల, లోపలున్నది బయటికి పోవాల అని చెప్పానా లేదా? నువ్వేమో సీసాలో పెట్టి మూత బిగించావు! ఆయన రోజంతా దగ్గింది ఎటు పోయిద్ది? ఆ గదిలోనే ఉంటది. నువ్వు అన్నం పెట్టటానికి పొయ్యేది దాంట్లోకే గదా?"

"కంచం వేరే పెట్టామమ్మా" అంది మా ఆవిడ. "మరిగే నీళ్లలో కడుగుతున్నా."

"కంచంతో రాదక్కా ఇది. గ్లాసుతో రాదు, గుడ్డలతో రాదు. దగ్గినప్పుడు వచ్చే గాలితో వస్తుంది. ఆ గాలి ఆడకుండా మీరు మూశారు." ఆమె ఒక్క క్షణం ఆగి, ముక్కు మీద మాస్కు సర్దుకుని అడిగింది: "నువ్వు మాస్కు లేకుండా పోయావా లోపలికి?"

నేను తలూపాను.

"ఎన్నిసార్లు?"

రోజుకు మూడుసార్లు, వారం రోజులు. లెక్క చెప్పలేదు. గుడ్డలతో రాదన్న మాటే నా చెవుల్లో తిరుగుతోంది, అంటే దూదితోనూ రాదు. పెరట్లో నల్లటి మచ్చ ఇంకా ఉంది. ఏది కాల్చకూడదో అది కాల్చాను, ఏది తెరవాలో అది మూశాను. నాలుగు రోజులు ఆలోచించి తప్పు చేయమన్నా ఎవరూ ఇంత చక్కగా చేయలేరు.

ఆమె స్వయంగా కిటికీ గడియ తీయబోయింది, రాలేదు. సుత్తి తెచ్చి కొట్టాం. నలభై ఏళ్ల తుప్పు రాలింది. రెక్క తెరుచుకోగానే ఎండ లోపల పడింది, గోడలకు పట్టిన నూగంతా ఒక్కసారి కదిలింది. అన్న మంచం మీద నుంచి లేచి, మాస్కు పెట్టుకుని కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"అమ్మా, వీధి ఇంత దగ్గరుందని నాకు తెలవదు" అన్నాడు ఆమెతో.

మా ఇద్దరికీ పరీక్షలు చేయించుకోమని రాసిచ్చింది. ఇంక లేస్తుందనగా అడిగింది: "ఇంట్లో ఇంకెవరన్నా ఉంటారా? ఈ నాలుగైదు నెలల్లో వచ్చి ఉండి పోయినవాళ్లు?"

మా ఆవిడ నా ముఖం చూసింది.

"మా అమ్మాయి" అన్నాను. "అయిదో నెలలో వచ్చింది. రెండు రోజులుంది."

"అయిదో నెల అంటే?"

"కడుపుతో ఉంది."

"అప్పటికి ఈయనకు దగ్గుందా?"

ఉంది. ఆ రెండు రోజులూ అమ్మాయి దూది గదిలోనే కూర్చుని, పెదనాన్నతో కబుర్లు చెప్పింది. కిటికీ మూసే ఉంది.

"ఆ పిల్లకు చెప్పన్నా. వాళ్ల ఊళ్లో డాక్టరుకు చూపించుకోవాల. ఇక్కడికి మాత్రం ఇప్పుడు పంపించమాకండి. మందు పనిచేస్తున్నట్టు పరీక్షలో తేలేదాకా వద్దు. అర్థమైందా? ఈరోజే చెప్పు."

అర్థమైంది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, చెప్తే అది అత్తగారికి చెప్తుంది, అత్తగారు పక్కింటికి చెప్తుంది, ఈపూరు నుంచి పేటకు ఈ మాట రావడానికి బస్సు కూడా అక్కర్లేదు. అన్న రెండేళ్లు ఏ భయంతో నోరు మూసుకున్నాడో అదే భయంతో నేనూ మూసుకున్నాను. ఆయన్ని తప్పుపట్టడానికి నాకున్న అర్హత అంత. అమ్మాయి ఫోన్ చేస్తే, "ఇంటికి సున్నం వేయిస్తన్నామమ్మా, వాసన నీకు పడదు, ఇంకో నెల ఆగి వద్దువుగాని" అన్నాను. పరుపులు కుట్టే చేతికి అబద్ధాలు కుట్టడం రాదు, కుట్లు దూరం దూరంగా పడతాయి.

"తొమ్మిదో నెల దాటాకనా?" అంది అది.

"అదే... అప్పటికి ఆరుతుంది."

"పెదనాన్నకు ఫోనియ్యి."

"నిద్రపోతన్నాడు."

"పొద్దున పదింటికా?"

రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు మా ఎక్స్‌రేలు తీశారు. నా ఫిల్ము చూసిన డాక్టరు దాన్ని దీపం మీద ఇంకోసారి పెట్టి, కుడి పక్కన ఏదో మచ్చ ఉంది, తెమడ పరీక్షకు ఇవ్వమన్నాడు. ఫలితం రెండు మూడు రోజులు పడుతుందన్నాడు. కూతురికి చెప్పాల్సిన మాట మళ్లీ వెనక్కి పోయింది. నాకే ఉంటే, అప్పుడు రెండూ కలిపి చెప్పవచ్చనుకున్నాను. భయం మనిషిని ఎంత పొదుపరిని చేస్తుందో!

ఆ మూడో రోజు మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది.

నేను వసారాలో ఉన్నాను. ముందు సంచి దిగింది, తర్వాత పొట్ట దిగింది, తర్వాత మా అమ్మాయి దిగింది. ఒంటరిగా. ఆయాసపడుతూ నవ్వుతోంది.

"ఏది నాన్నా సున్నం? గోడలన్నీ అట్టే ఉన్నాయిగా! పెదనాన్నకు ఏదో అయింది, నాకు చెప్పట్లేదు. నాకు తెలుసు."

అంటూనే నడుస్తోంది. నా కూతురు మా ఇంట్లో ఏ రోజూ ముందు వంటింటికి వెళ్లలేదు, నేరుగా దూది గదికే వెళ్తుంది. నేను లేవబోయాను, ఒళ్లో ఉన్న పరుపు, దబ్బనం, దారం కాళ్లకు చుట్టుకున్నాయి. అరవాలనుకున్నాను. "ఆగు" అన్న మాట నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో! అది అప్పటికే గడప దగ్గరుంది. తలుపు ఓరగా ఉంది.

లోపల అన్న దగ్గు వినపడింది. ఆ వెంటనే ఆయన గొంతు. ఆ గొంతు ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

"ఆడే ఆగు! లోపలికి రామాక! కాలు పెట్టావంటే ఇరగ్గొడతా!"

అమ్మాయి నిలబడిపోయింది. తలుపు దాని ముఖం మీదే ధడాలున పడింది. లోపల గడియ పడింది.

పుట్టిన దగ్గర నుంచి ఆయన చేత ఒక్క మాట అనిపించుకోని పిల్ల. గడప ముందే నిలబడి నా వైపు చూసింది. నేను దారం తెంపుకుని వచ్చి, చేయి పట్టి వాకిట్లోకి లాక్కొచ్చాను. అప్పుడు వీధి వైపు కిటికీలోంచి అన్న పిలిచాడు. మాస్కు మీద తువ్వాలు కూడా చుట్టుకున్నాడు.

"అమ్మా, ఆ గోడ పక్కన నిలబడు. ఇంకా దూరం. ఆ, అక్కడ. గాలి అటు నుంచి ఇటు వస్తంది, బయం లేదు. మీ నాన్న చెప్పడు, ఆడికి దమ్ము లేదు. నేను చెప్తా విను. నాకు టీబీ. మందులకు లొంగేది కాదు. నువ్వు అయిదో నెలలో వచ్చినప్పుడు కూడా ఉంది నాకు. నాకే తెలవదు. కాదు, తెలుసు. తెలిసి కూడా నేనే..." అక్కడ ఆయన దగ్గు ఆపుకోవడానికి కిటికీ కిందికి వంగిపోయాడు. కాసేపటికి మళ్లీ తల కనిపించింది. "నువ్వు పరీక్ష చేయించుకోవాల. ఈరోజే. ఈ ఇంట్లో నీళ్లు కూడా తాగమాక, పో."

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి వింటున్నారు. ఎదురింటి పిండిమర ఆయన మర ఆపేసి మరీ వింటున్నాడు. నేను పది రోజులుగా దేన్ని దాచుతున్నానో అది మూడు నిమిషాల్లో వీధంతా తెలిసింది. అప్పుడు నాకు సిగ్గు రాలేదు. రావాల్సిన చోట భయం మొత్తం కూర్చుని ఉంది. దాని కాలు గడప దాటిందా? దాటలేదు. దాని ముఖం తలుపు సందులో ఎంతసేపు ఉంది? అయిదు సెకన్లా? పదా? లోపల కిటికీ తెరిచి ఉంది. ఉంది కదా? ఉంది.

అమ్మాయి ఏడవలేదు. కడుపు మీద చేయి పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఎన్ని రోజులైంది నీకు తెలిసి?"

"పది రోజులు దాటింది."

"నేను నిన్న కూడా మాట్లాడా నీతో. సున్నం అన్నావు."

ఆ ఆటోనే పెద్దాసుపత్రికి తిప్పాం. నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాను, నా ఫలితం ఇంకా రాలేదు కాబట్టి. దారంతా వెనక్కి తిరిగి చూడలేదు. దగ్గు వచ్చినప్పుడు తల బయటికి పెట్టాను.

నా ఫలితం ఆ సాయంత్రమే వచ్చింది. తెమడలో ఏమీ లేదు. మచ్చ పాతదట, ఎప్పటిదో గాయం మానినది. మా ఆవిడకూ ఏమీ లేదు. అమ్మాయిని డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది, జ్వరం, చెమటలు, బరువు, దగ్గు. పొట్టకు కిరణాలు తగలకుండా సీసపు ఆప్రాన్ కప్పి ఎక్స్‌రే తీసింది. బాగుందంది. కానీ ఈ జబ్బు లోపల చాలాకాలం నిద్రపోతుందనీ, రెండేళ్ల పాటు ఏ చిన్న తేడా వచ్చినా రావాలనీ చెప్పింది. ఆ "రెండేళ్లు" అన్న మాట దగ్గర నా చెవులు మళ్లీ మూసుకుపోబోయాయి. ఈసారి మాత్రం తర్వాత చెప్పినవన్నీ విన్నాను, చీటీ మీద రాసుకున్నాను కూడా.

వియ్యపురాలికి ఫోన్ నేనే చేశాను. మొత్తం చెప్పాను, సున్నంతో సహా.

"ముందే చెప్తే మేమేమన్నా కొరుకుతామా అన్నయ్యా?" అంది. "పురుడు ఇక్కడే పోస్తాం. పిల్లను రాత్రి కాకముందే బస్సెక్కించు. వదినను కూడా పంపించు, ఆమె రిపోర్టు బాగుందన్నావుగా. నువ్వు మాత్రం మీ అన్న దగ్గరే ఉండు. మాత్ర మానకుండా చూసుకో. అది చేస్తే చాలు."

తొలి పురుడు పుట్టింట్లో కాకపోవడం మా వైపు చిన్న మాట కాదు. ఆమె ఆ మాట ఎత్తనే లేదు. దానికి నేను ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియక, "సరే సరే" అని పదిసార్లు అన్నాను.

మా ఆవిడ వెళ్లాక ఇంట్లో మేం ఇద్దరమే మిగిలాం. వంట నేను చేశాను, అది ఆయనకు రెండో జబ్బు. రోజూ మాస్కు పెట్టుకుని, కిటికీ వైపు నిలబడి, ఆయన మాత్రలన్నీ మింగేదాకా చూసేవాణ్ని. వాంతులయ్యాయి, కాళ్లు తిమ్మిరెక్కాయి, ఒకసారి మాత్రల డబ్బా విసిరికొట్టాడు. ఏరి తెచ్చి మళ్లీ ఇచ్చాను. కొట్టు మూడు నెలలు మూతపడింది. వీధిలో కొందరు ముఖం తిప్పుకున్నారు, పిండిమర ఆయన మాత్రం రోజూ కిటికీ కింద నిలబడి అన్నతో రాజకీయాలు మాట్లాడేవాడు.

ఈపూరులో మనవరాలు పుట్టింది. ఫోన్‌లో ఫోటో చూసి అన్న, "ముక్కు మీ నాన్నది, పాపం" అని అమ్మాయితో అన్నాడు. ఆ మధ్యాహ్నం దూది గది గడప ముందు వాళ్లిద్దరి మధ్య తెగిపోయిందేదో అప్పుడు మళ్లీ ముడిపడినట్టు అనిపించింది.

బిడ్డకు అయిదో నెల వచ్చేసరికి అన్నకు తెమడలో పురుగు పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్ష వరుసగా రెండుసార్లు ఏమీ లేదని వచ్చింది. టీబీ ఆమె వచ్చి చెప్పింది: "ఇంక మీ వల్ల ఎవరికీ రాదు పెద్దాయనా. మందు కోర్సు మాత్రం ఆపొద్దు. పోయి మనవరాలిని ఎత్తుకోండి." ఆమె మాట మీద నాకు నమ్మకం ఉంది. ఆమె చెప్పినవేవీ ఇప్పటిదాకా తప్పలేదు, నేను వినకపోయినవి తప్ప.

ఆదివారం ఈపూరు వెళ్లాం. వాళ్లింటి ముందు పెద్ద వాకిలి, నులక మంచం వేశారు. వియ్యపురాలు బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. వెచ్చగా, బరువుగా, మెడ నిలబెట్టి నా మాస్కు వైపు చూస్తోంది. అన్న మంచం ఆ చివర కూర్చున్నాడు. ఎవరూ పెట్టుకోమనకపోయినా మాస్కు పెట్టుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని బిడ్డ వైపు చూస్తున్నాడు.

"పెదతాతకు కూడా ఇయ్యన్నయ్యా" అంది వియ్యపురాలు.

నా చేతులు కదల్లేదు. నేను కదపాలనుకున్నాను. పరీక్ష రెండుసార్లు మంచిగా వచ్చిందని తెలుసు, ఆ కాగితాలు నా జేబులోనే ఉన్నాయి. అయినా చేతులు బిడ్డను ఇంకా దగ్గరికి లాక్కున్నాయి.

"దీనికి నిద్రొస్తందమ్మా" అన్నాను.

బిడ్డ కళ్లు రెండూ ఇంతింత తెరిచి నన్నే చూస్తోంది.

అన్న నా ముఖం చూశాడు. చూసి, నవ్వాడు, కళ్లలో తెలిసింది. "ఉండనియ్యిరా. ఇంకోసారి వచ్చినప్పుడు ఎత్తుకుంటా. తొందరేముంది?"

నేను తల దించుకున్నాను. అప్పుడు మా అమ్మాయి లోపల నుంచి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏం జరుగుతోందో దానికి ఎవరూ చెప్పలేదు. నా దగ్గరికి వచ్చి, "ఇటియ్యి నాన్నా" అని బిడ్డను తీసుకుంది. రెండడుగులు నడిచి అన్న ఒళ్లో పెట్టింది. పెట్టి పక్కనే నిలబడింది.

అన్న బిడ్డను పట్టుకున్నాడు కానీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఒళ్లంతా బిగుసుకుంది. ఆయన ఛాతీ కదలడం లేదని నేను మొదట గమనించలేదు, అమ్మాయి గమనించింది.

"పెదనాన్నా" అంది, ఆయన భుజం మీద చేయి వేసి. "ఊపిరి తీసుకో. ఏం కాదు."

కొంతసేపు ఆయన అట్లాగే ఉన్నాడు. తర్వాత మాస్కు లోపలికి అతుక్కుని, మళ్లీ బయటికి ఉబ్బింది. బిడ్డ చెయ్యి చాపి ఆ కదిలేదాన్ని పట్టుకుంది. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. బిడ్డ వేళ్లు, ఆయన ముఖం, మధ్యలో ఉన్న బెత్తెడు దూరం, అదే చూస్తూ.